గంటసేపు వదిలేస్తే చాలదు

“ఏ ఫిల్మైనా, ఏ ఐఎస్‌ఓలో తీసినా సరే, ఒక పాలు రోడినాల్ డెవలపర్‌కు నూరు పాళ్లు నీళ్లు కలిపి పోసి గంటసేపు ట్యాంకు ముట్టుకోకు.” నలుపు-తెలుపు ఫిల్ము పట్టిన ప్రతి కొత్తవాడికీ అందే సలహా ఇది. నేను ఒప్పుకోను. ట్యాంకు తిప్పే చెయ్యి ఆగిపోయిందంటే భారమంతా డెవలపర్ మీదే పడుతుంది. అప్పుడే దాన్ని మరింత చూసి ఎంచుకోవాలి.

కదలని ట్యాంకులో, వెలుగు దండిగా పడ్డ చోట డెవలపర్ త్వరగా నీరసిస్తుంది. నీడల్లో మెల్లగా పని చేస్తూనే ఉంటుంది. కాంట్రాస్టు అదుపులోకి వచ్చేది అందుకే. నాకూ అది ఇష్టమే. కానీ అదే చర్యలో పుట్టే బ్రోమైడ్ బరువుగా కిందికి జారుతూ దారిపొడవునా డెవలపింగును అణుస్తుంది. ప్రకాశం బ్యారేజీ మీద తెల్లవారుజామున తీసిన నా రోలు ఒకటి అలాగే పోయింది. ఆకాశమంతా చారలే. ఆ ఉదయం మళ్లీ రాదు. డెవలపర్లలో వాడే రసాయనాల్లో మెటాల్ కంటే ఫెనిడోన్ బ్రోమైడ్‌కు తక్కువ లొంగుతుంది. అందుకే స్టాండ్, అంటే ట్యాంకు కదపకుండా డెవలప్ చేయాలంటే కాటెకాల్, ఫెనిడోన్ కలిసిన పైరోక్యాట్-హెచ్‌డీ డెవలపర్ వైపు మొగ్గుతాను. అప్పుడు కూడా సగం సమయానికి ఒకసారి ట్యాంకు తిప్పుతాను.

1891 నాటి రోడినాల్‌ని తక్కువ చేయడం లేదు. 100 ఐఎస్‌ఓ ఫిల్ముకు అదిచ్చే పదును చూడముచ్చటగా ఉంటుంది. 400 ఫిల్ముకు మాత్రం గ్రెయిన్ గరుకుగా తేలుతుంది. పైగా 300 మి.లీ. ట్యాంకులో 1:100 అంటే అసలు మందు 3 మి.లీ. మాత్రమే. రోలు మొత్తానికి అది సరిపోతుందా అని ఎంతమంది లెక్క చూసుకుంటున్నారు?

డీ-76 డెవలపర్ సంగతి వేరు. లీటరుకు 100 గ్రాముల సల్ఫైటు సిల్వర్ హేలైడ్ రేణువుల అంచులను కరిగించి గ్రెయిన్‌ను నున్నగా చేస్తుంది. దాన్ని పల్చన చేయకుండా గంట ఉంచితే నీరసించదు, వెలుగులు మాత్రం మాడిపోతాయి.

ఇక “ఏ ఐఎస్‌ఓ అయినా” అన్న మాట. ఫిల్ముకున్న ఐఎస్‌ఓ కంటే పెంచి తీస్తే నీడలకు కాంతి చాలదు. కాంతి తాకని నీడలో ఏ డెవలపరూ బొమ్మను పుట్టించలేదు.

మన ఎండల మాటేమిటి? 20 డిగ్రీల దగ్గర మొదలుపెట్టిన ట్యాంకు, మే నెల గదిలో గంట గడిచేసరికి ఎక్కడికో చేరుతుంది. వేడెక్కిన డెవలపర్ జోరు పెంచుకుంటుంది, ఫిల్ము పొగచూరుతుంది. అందుకే ఎండాకాలంలో నేను స్టాండ్ జోలికి పోను. డీ-76 ఒకటికి ఒకటి కలిపి, ట్యాంకును ఐసునీళ్ల బేసినులో ఉంచి, నిమిషానికోసారి చేత్తోనే తిప్పుతాను.