ఇల్లు మనది, నేల మరొకడిది

ఈమధ్య పెద్దరోడ్ల మీద లారీలకెక్కి పోతున్న రేకు పెట్టె ఇళ్ళను మనవాళ్ళంతా చూస్తూనే వున్నారు. పొలం గట్టున దింపుతారు, కరెంటు తగిలిస్తారు, సాయంత్రానికల్లా కాపురం పెట్టొచ్చు. ఫాంహౌసులు కట్టుకునే బాబులకు అదొక సరదా. కాని దాని వెనకాలే ఒక మాట కూడా పల్లెల్లోకి దిగుతున్నది. పేదవాళ్ళకు ఇటుకా సిమెంటూ దేనికి, అమెరికాలో కూలీలంతా ఇలాంటి ఇళ్ళలోనే చవగ్గా బతుకుతున్నారు, మనమూ అదే చేస్తే పోలా అని. మొన్న ఇళ్ళస్థలాల అర్జీలు పట్టుకుని ఒక ఆఫీసు వరండాలో కూర్చుంటే, అక్కడి గుమాస్తా కూడా నాతో ఇదే అన్నాడు. అమెరికా పేరు ఎత్తారు గనక, ఆ అమెరికా సంగతే చూద్దాం.

అక్కడ దీన్ని మొబైల్ హోమ్ అంటారు. మొబైల్ అంటే మన కుర్రాళ్ళకు జేబులో ఫోనే గుర్తొస్తుంది గాని, ఇక్కడ దాని అర్థం కదిలే ఇల్లు. ఫ్యాక్టరీలో ఉక్కు చట్రం మీద కట్టి, చక్రాలు తగిలించి, రోడ్డు మీద లాక్కొచ్చి దింపుతారు. వీటిని ఎలా కట్టాలో చెప్పే కేంద్ర నిబంధనలు 1976 జూన్‌లో అమల్లోకి వచ్చాయి. అప్పట్నుంచి కాగితాల మీద పేరు మారింది గాని, జనం నోట మాత్రం పాత పేరే, లేదంటే ట్రైలర్. ఆ దేశంలో రెండు కోట్ల మందికి పైగా వీటిల్లో కాపురముంటున్నారు. పల్లెల్లోనూ చిన్న పట్టణాల పొలిమేరల్లోనూ ఇవే ఎక్కువ కనిపిస్తాయి. 2023లో కొత్తదాని సగటు ధర లక్షా ఇరవై వేల డాలర్ల పైచిలుకు. మామూలుగా కట్టే ఇల్లయితే, స్థలం ఖరీదు తీసేసినా, అంతకు మూడు రెట్లు. కనుక చవక అన్న మాట అబద్ధం కాదు. ఫ్యాక్టరీలో వాన అడ్డం రాదు, మేస్త్రీ కోసం వారం ఎదురుచూసే పని లేదు, సరుకు వృథా తక్కువ. ఇంట్లో లోపం వెతకడం నా వుద్దేశం కాదు.

అబద్ధమంతా 'కదిలే' అన్న మాటలో వుంది. ఒకసారి దింపాక ఈ ఇళ్ళలో చాలావాటికి మళ్ళీ కదలడమంటూ వుండదు. కదిలించాలంటే వేల డాలర్లు కావాలి. పాతబడ్డవి లాగితే చట్రం నిలవదు. నిలిచినా పాత ఇంటిని చాలాచోట్ల రానివ్వరు. మరి నేలెవరిది? ఇల్లు సొంతమైనవాళ్ళలో ఐదింట మూడు వంతుల మందికి నేల కూడా సొంతమని 2014లో అక్కడి వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ లెక్క చెప్పింది. మిగిలినవాళ్ళది పరాయి నేల. అందులో ఎక్కువమంది ట్రైలర్ పార్కుల్లో నెలనెలా నేలకు అద్దె కట్టి బతుకుతున్నవాళ్ళే. పార్కు యజమాని అద్దె పెంచితే ఏం చెయ్యగలరు? ఇల్లు నెత్తిన పెట్టుకుని పోలేరు, వదిలి పోతే పెట్టిన సొమ్మంతా పోయినట్టే. ఇలాంటి పార్కులు కొనిపెట్టే పెద్దమనిషి ఒకడు తన వ్యాపారాన్ని గిరాకీదార్లను కుర్చీలకు గొలుసులతో కట్టేసిన హోటలుతో పోల్చాడు. సిగ్గు పడుతూ చెప్పిన మాట కాదది, లాభమెలా వస్తుందో విడమర్చి చెప్పిన మాట. పెద్ద పెట్టుబడి కంపెనీలు పార్కులకు పార్కులు కొనేస్తున్నది ఆ గొలుసు చూసే.

మనకిది కొత్త కథా? దొర కమతంలో గుడిసె వేసుకున్న పాలేరుకు గుడిసె తనదే, వాసాలు తనవే, కప్పిన తాటాకు తనదే. కూలి రేటు పెంచమని నోరు తెరిచిన రోజున దొర అనే మొదటి మాట ఏమిటి? "నా జాగాలోంచి నీ గుడిసె పీక్కుపో." గుడిసె కింద నేల ఎవడిదో కూలి రేటు కూడా వాడి చేతిలోనే వుంటుంది. వ్యవసాయ కార్మిక సంఘం పనిలో ఇరవై యేళ్ళుగా నేను చూస్తున్నది ఇదే.

కాలిఫోర్నియాలోనూ అంతే జరిగింది. 1965 సెప్టెంబరులో డెలానో ద్రాక్షతోటల్లో ఫిలిప్పీన్ కార్మికులు ముందుగా సమ్మె కట్టారు, కొద్దిరోజులకే మెక్సికన్ కార్మికులు వచ్చి కలిశారు. తోటల యజమానులు చేసిన మొదటి పనుల్లో ఒకటి, తమ క్యాంపుల్లో వుంటున్న సమ్మెదార్లకు నీళ్ళూ కరెంటూ గ్యాసూ కట్టేయడం. ముసలివాళ్ళని కూడా చూడకుండా బయటికి నెట్టారు. ఇప్పటికీ హెచ్-2ఏ అనే వీసా మీద పరదేశాల నుంచి తెచ్చుకునే పొలం కూలీలకు యజమానే ఉచితంగా వసతి చూపాలని అక్కడి నిబంధన. వినడానికి బాగానే వుంది. పని పోయిన రోజునే తలదాచుకునే చోటూ పోతుందన్నది దాని రెండో ముఖం.

అదే రాష్ట్రంలో కోచెల్లా లోయ అని వుంది. ఖర్జూరం, ద్రాక్ష, మిరప పండే ఎడారి నేల. 1990ల చివర అక్కడి కౌంటీ అధికారులు అనుమతి లేని ట్రైలర్ పార్కుల మీద విరుచుకుపడ్డారు. వేరే చోటు చూపకుండా పొమ్మంటే కూలిజనం ఎక్కడికి పోతారు? కౌంటీ పెత్తనం చెల్లని ఆదివాసుల రిజర్వేషన్ భూమిలో ఒకాయన చోటిస్తే అక్కడికి చేరారు. డ్యూరోవిల్ అని దానికి పేరు. మురుగు గుంటలు, వేలాడే కరెంటు తీగలు, పక్కనే చెత్త తగలబడే పొగ, అందులో వేల మంది. దాన్ని మూసెయ్యమని కేంద్ర ప్రభుత్వం కోర్టుకెక్కింది. 2009లో జడ్జి ఒప్పుకోలేదు. ఇంతమందిని రోడ్డున పడేస్తే వచ్చే కష్టం వున్న కష్టం కంటే పెద్దదని చెప్పి, నిర్వహణ వేరే అధికారికి అప్పగించాడు. చివరికి 2013లో కౌంటీ సొమ్ముతో కొత్త కాలనీ తయారయ్యాకే దాన్ని మూశారు. తీసేసే ముందు చోటు చూపించాలన్న చిన్న సంగతి మన మునిసిపాలిటీ బుల్‌డోజర్లకు ఎవరైనా చెబితే బాగుండును. ఆ లోయలోనే ఒయాసిస్ అనే ఇంకో పార్కు వుంది. అక్కడి బావినీళ్ళలో ఆర్సెనిక్ విషం అనుమతించిన దానికి దాదాపు పది రెట్లు వుందని 2019లో బయటపడింది, ప్రభుత్వం అత్యవసర ఉత్తర్వు ఇవ్వాల్సొచ్చింది. ఎడారిలో ఒయాసిస్ అంటే నీటి చెలమ. పేరు పెట్టినవాడెవడో గాని!

సరే, పార్కు వద్దు, నేల కూడా కొనుక్కుంటే గొడవ వదిలిపోతుంది కదా అంటారు. నిజమే, అది మెరుగైన దారే. అయితే ఎలా కొంటున్నామన్నది వుంది. టెక్సాస్ రాష్ట్రంలో మెక్సికో సరిహద్దు పొడుగునా కొలోనియాలనే బస్తీలు రెండు వేలకు పైగా వున్నాయి, నాలుగు లక్షల మంది దాకా వుంటారు. వ్యాపారులు పనికిరాని పొలాన్ని ముక్కలు చేసి, నీళ్ళూ మురుగు కాలువా లేకుండానే వాయిదాల మీద అమ్మారు. కూలివాడు ముందు ఒక పాత ట్రైలర్ తెచ్చి దింపుకునేవాడు, చేతిలో డబ్బాడినప్పుడల్లా పక్కన ఒక గది లేపుకునేవాడు. కాగితంలో మాత్రం మెలిక వుంది. ఆఖరి వాయిదా కట్టేదాకా రిజిస్ట్రేషన్ లేదు. పదేళ్ళు కట్టి పదకొండో యేట తప్పితే నేలా పోయె, కట్టిన డబ్బూ పోయె, లేపుకున్న గదులూ పోయె! ఈ దోపిడీకి అడ్డుకట్ట వేస్తూ 1995లో టెక్సాస్ చట్టం తెచ్చింది. అప్పటికి ఒక తరం కూలిజనం ఆ కాగితాలతో మోసపోయి వుంది. తెల్ల కాగితం మీద రాయించుకుని ప్లాటు కొన్న మన కూలీలకు ఈ కథ విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇక అప్పు. మన భాషలో స్థిరాస్తి, చరాస్తి అని రెండు మంచి మాటలున్నాయి. అమెరికాలో చాలా రాష్ట్రాల చట్టం కదలని ఈ ఇంటిని చరాస్తి కింద లెక్కగడుతుంది, అంటే కారూ ట్రాక్టరూ లాగ. అందుచేత దాని మీద పుట్టే అప్పుకు గడువు తక్కువ, వడ్డీ ఎక్కువ, వాయిదా తప్పితే లాక్కోవడం సులువు. 2012లో ఈ ఇళ్ళ కొనుగోలు అప్పుల్లో నూటికి 68 అధిక వడ్డీ అప్పులేనని అంతకు ముందు చెప్పిన సంస్థే తేల్చింది. మామూలు ఇళ్ళకైతే నూటికి 3. ఇంకా విడ్డూరం, నేల తమదే అయినవాళ్ళలో కూడా చాలామంది ఈ చరాస్తి అప్పే తీసుకున్నారు. చక్రాలూ ఇరుసూ తీసి, పునాది మీద కూర్చోబెట్టి, బండి కాగితం రద్దు చేయించి, నేలతో కలిపి రిజిస్టరు చేయిస్తే అది స్థిరాస్తి అయ్యే వీలు చాలా రాష్ట్రాల్లో వుంది. అలా చేస్తే గృహరుణం దొరుకుతుంది. పల్లెల్లో తక్కువ రాబడి వాళ్ళకైతే 1949 గృహనిర్మాణ చట్టం కింద వ్యవసాయ శాఖే తక్కువ వడ్డీకి అప్పివ్వొచ్చు. అమ్మేవాడు ఆ సంగతి ఎందుకు చెబుతాడు? ఇల్లు తయారుచేసేదీ, అమ్మేదీ, అప్పిచ్చేదీ ఒకే గొడుగు కింది కంపెనీలు. ఈ వ్యాపారంలో అందరికంటే పెద్దదైన క్లేటన్ హోమ్స్ 2003 నుంచి వారెన్ బఫెట్ గారి బర్క్‌షైర్ హాతవే సొత్తు. తీర్చలేరని తెలిసీ అప్పులంటగట్టిందని దాని రుణ సంస్థ మీద 2025 జనవరిలో కేంద్ర సంస్థ దావా వేసింది. ప్రభుత్వం మారింది. ఫిబ్రవరిలో ఆ దావా తనే వెనక్కి తీసుకుంది.

అక్కడి జనం చేతులు ముడుచుకుని కూర్చున్నారనుకోవద్దు. న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో మెరెడిత్ అనే చిన్న వూళ్ళో 1984లో పార్కు అమ్మకానికొస్తే, అందులో వుంటున్న 13 కుటుంబాలు సహకార సంఘంగా ఏర్పడి, ఒక ప్రజా రుణనిధి దగ్గర అప్పు తెచ్చి, తమ కాళ్ళ కింది నేలను తామే కొనుక్కున్నాయి. దాన్ని చూసి మిగతా చోట్ల కూడా మొదలెట్టారు. ఇవాళ ఆ పద్ధతిలో నడిచే కాలనీలను ఒకచోట చేర్చిన జాతీయ సంస్థ కిందే మూడు వందలకు పైగా వున్నాయి. నెలకింత కట్టడం అక్కడా తప్పలేదు, అప్పు తీర్చాలి గదా. కాని ఎంత కట్టాలో నిర్ణయించేది సభ్యుల సమావేశం. రోడ్డు ముందా, నీళ్ళ పైపు ముందా అన్నదీ వాళ్ళే తేలుస్తారు. ఇదేదో విప్లవమని నేననను. పార్కు యజమాని అడిగిన ధర పెట్టే కొన్నారు మరి. ఆ రాష్ట్రంలో చట్టం కూడా కొంత తోడొచ్చింది. యజమాని పార్కు అమ్మదలిస్తే కాపురమున్నవాళ్ళకు 60 రోజుల ముందు తెలియపరచాలి, ఇల్లు అక్కడ స్థిరాస్తి కిందే లెక్క.

మన దేశంలో ఇంతకంటే గట్టి పని కేరళలో జరిగింది. భూస్వామి నేల మీద గుడిసె వేసుకున్న కుడికిడప్పుకారుకు 1970 జనవరి 1 నుంచి అమలైన చట్టం పంచాయతీల్లో పది సెంట్ల దాకా కొనుక్కునే హక్కిచ్చింది, అదీ బజారు ధరలో కొద్ది భాగానికే. ఆ సెంట్లను కూలిజనం కంచె కట్టి, గుడిసెలో దీపం పెట్టి, లాఠీలకు ఎదురు నిలిచి దక్కించుకున్నారు. మన రాష్ట్రంలోనూ పరాయి స్థలంలో కాపురముంటున్న గ్రామీణ పేదలకు ఆ జాగా మీద యాజమాన్యం కల్పిస్తామని 1976లో చట్టం చేశారు. ఎమర్జెన్సీ రోజుల ఇరవై సూత్రాల జోరులో వచ్చిన చట్టమది. దాని పేరు తెలిసిన రెవెన్యూ ఉద్యోగి ఒక్కడు కనబడితే నేను దండం పెడతాను. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదలుపెట్టిన పంపిణీలో గ్రామాల్లో సెంటున్నర చొప్పున ఇచ్చారు. అంటే 72 గజాలు. రెండు గేదెలూ, ఒక గడ్డివామీ, పెళ్ళయిన కొడుకూ వున్న కూలి కుటుంబం ఆ 72 గజాల్లో ఎలా సర్దుకోవాలో లెక్క వేసినవాళ్ళే చెప్పాలి.

కాబట్టి రేకు పెట్టె చవకని చెప్పేవాళ్ళను మనం అడగాల్సిన ప్రశ్నలు వేరే వున్నాయి. ఏ సర్వే నంబరులో దింపమంటారు? హద్దులు కొలిచి రాళ్ళు పాతారా? పట్టా ఇంటామె పేరున వుందా? దాని మీద బ్యాంకు గృహరుణమిస్తుందా, బండి అప్పు ఇస్తుందా? పని దొరికే వూరికి ఎంత దూరం? తాగే నీళ్ళు పరీక్ష చేయించారా? వీటికి రాతపూర్వకంగా జవాబు కావాలని మన శాఖలు మండలాఫీసుల్లో అర్జీలు పెట్టాలి. 1976 చట్టం కింద ఇంతవరకు ఎంతమందికి హక్కు పత్రాలిచ్చారో, గ్రామాలవారీగా జాబితా కూడా అదే అర్జీలో అడగాలి.