జరిమానా పుస్తకాన్ని రప్పించదు

అచ్చంపేటలో డిగ్రీ చదివే పిల్లల్లో చాలామంది అమ్రాబాద్, పదర, లింగాల, బల్మూరు వైపు పల్లెల నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లే. పత్తి ఏరే రోజుల్లో ఇంట్లో చేతులు చాలక వారం పది రోజులు కళాశాలకు రాలేనివాళ్లుంటారు. లైబ్రరీ పుస్తకం గడువు సరిగ్గా అప్పుడే దాటుతుంది. రోజుకు రూపాయో రెండో అంటే పెద్ద మాటేం కాదనిపిస్తుంది. అది పెరిగేకొద్దీ మాత్రం పిల్లలు లైబ్రరీ వైపు చూడటం మానేస్తారు. టీసీ కోసం నో డ్యూస్ కావలసిన నాడే మళ్లీ గుమ్మం తొక్కుతారు. ఈ మధ్యలో చదవకుండా పోయిన పుస్తకాలు ఏ రిజిస్టరులోనూ కనిపించవు.

జరిమానా భయంతో పుస్తకాలు వేళకు వస్తాయన్నది గట్టి నమ్మకం. కానీ ఇజ్రాయెల్‌లోని హైఫాలో 10 శిశు సంరక్షణ కేంద్రాలను ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలించి, 2000లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో 6 చోట్ల పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు జరిమానా వేశారు. ఆలస్యాలు పెరిగాయి. జరిమానా ఎత్తేశాక కూడా తగ్గలేదు. డబ్బు కడుతున్నాం కదా అనుకున్నాక మొహమాటం పోయింది. లైబ్రరీలోనూ కలిగినవారు పైసలు కట్టి పుస్తకం ఉంచుకుంటారు, లేనివారు రావడమే మానుకుంటారు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం 2019లో సాధారణ ఆలస్య రుసుము ఎత్తేసింది. అదే ఏడాది షికాగో నగర గ్రంథాలయాలు జరిమానాలు రద్దు చేస్తే, తర్వాతి కొద్ది వారాల్లోనే తిరిగొచ్చిన పుస్తకాలు 240 శాతం పెరిగాయి.

మన దగ్గర ఏం చేయొచ్చు? తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకాలను పద్నాలుగు రోజులకు కాకుండా సెమిస్టర్ మొత్తానికి ఇవ్వాలి. మరొకరు అడగనంతవరకు మిగతా పుస్తకాల గడువు దానంతటదే పెరగాలి. అడిగితే ఫోన్‌కు కబురు వెళ్లాలి. అప్పటికీ తేకపోతే కొత్త పుస్తకం ఇవ్వడం ఆపొచ్చు. లైబ్రరీలో కూర్చుని చదువుకునే హక్కును మాత్రం ఆపకూడదు. గ్రూప్స్ పుస్తకాల్లాంటివి ఒకటే ప్రతి ఉండి పదిమంది ఎదురుచూస్తుంటే, సాయంత్రం ఇచ్చి పొద్దున తీసుకునే పద్ధతి మేలు.

జరిమానా కట్టలేనివాళ్లతో బదులుగా లైబ్రరీలో పని చేయించాలనే వాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఉన్నవాళ్లు డబ్బు కట్టి వెళ్తారు, కూలివాళ్ల బిడ్డ తోటివాళ్ల ముందు బీరువాలు తుడవాలి. అది జరిమానా కంటే అన్యాయం.

పుస్తకం పోతే సంగతి వేరు. ధర కట్టాలి, లేదా అదే పుస్తకం తెచ్చివ్వాలి. హైదరాబాద్ కోఠిలో సగం ధరకు కొన్న పాత ప్రతి అయినా, పేజీలు సరిగా ఉంటే తీసుకోవాలి.

ఈ మార్పుకు అసలు అడ్డంకి విద్యార్థులు కారు, స్టాక్ వెరిఫికేషన్ భయం. తగ్గిన పుస్తకాలు తన జీతం మీద పడతాయేమోనన్న బెంగ ఉన్న లైబ్రేరియన్ ఉదారంగా ఎలా ఉండగలరు? కేంద్ర ప్రభుత్వ 2017 ఆర్థిక నియమావళి, నిర్లక్ష్యమో మోసమో లేనప్పుడు, ఏడాదిలో ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకు 5 పోవడాన్ని సహజ నష్టంగా ఒప్పుకుంటుంది. డిగ్రీ కళాశాల లైబ్రేరియన్ చేతిలోనూ అలాంటి రాతపూర్వక భరోసా ఉండాలి. కళాశాల విద్యాశాఖ ముందుగా ఆ ఉత్తర్వు ఇచ్చి, ఆ తర్వాత జరిమానాల పట్టిక తీసేయమని అడగాలి.