ఆ రాజీలో రెండో షరతు

ఏ దేశంలో అంతర్యుద్ధం ముగిసినా, ఏ నియంత గద్దె దిగినా మన సంపాదకీయాల్లో ఒక సలహా వినబడి తీరుతుంది: దక్షిణాఫ్రికాను చూసి నేర్చుకోండి అని. మండేలా పగ మానుకున్నాడు, ఆర్చిబిషప్ టూటూ హంతకుల్నీ బాధితుల్నీ ఒక హాల్లో కూర్చోబెట్టాడు, వాళ్లు తప్పు ఒప్పుకున్నారు, వీళ్లు క్షమించారు, దేశం గట్టెక్కింది. వినడానికి బాగుంటుంది. సగం నిజం కూడా. మిగతా సగంతోనే నా పేచీ.

ముందు చట్టం సంగతి. వర్ణవివక్ష పాలన నాటి నేరాల నిజాలు తేల్చడానికి 1995 నాటి చట్టం కింద టూటూ అధ్యక్షతన ఏర్పడిన సత్య, సయోధ్య కమిషన్ దగ్గర క్షమాభిక్ష కోరేవాడు రెండు పనులు చేస్తే చాలు. చేసిన నేరాన్ని దాచకుండా చెప్పాలి. అది రాజకీయ లక్ష్యంతో చేసిందేనని చూపాలి. పశ్చాత్తాపం అక్కర్లేదు. క్షమాపణ చెప్పనక్కర్లేదు. చనిపోయినవాడి భార్యో తల్లో ఒప్పుకోవాలన్న నిబంధన అసలే లేదు. పైగా క్షమాభిక్ష దొరికినవాడి మీద నష్టపరిహారం దావా వేసే హక్కు కూడా పోతుంది. పోలీసుల చేతుల్లో చనిపోయిన ఉద్యమ నాయకుడు స్టీవ్ బీకో కుటుంబంతో పాటు మరికొన్ని కుటుంబాలు దీన్ని సవాలు చేస్తే 1996లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. బాధితుల్లో కొందరు నిజంగానే క్షమించారు. వాళ్ల పెద్దమనసుకు దండం పెట్టాల్సిందే. కానీ ఆ కొందరి క్షమను అందరి ఖాతాలో వేసి, కోర్టుకెక్కినవాళ్లను మరిచిపోవడం ఏం న్యాయం?

అది క్షమ కాదు, రాజీ. మన ఊళ్లలో పెద్దమనుషులు కూర్చుని కాగితం రాయించినట్టే, అందులోనూ రెండు షరతులున్నాయి. నిజం చెప్పినవాడి మీద కేసు ఉండదు. చెప్పనివాడు, దాచినవాడు కోర్టు మెట్లెక్కుతాడు. మొదటి షరతును అక్షరం పొల్లుపోకుండా అమలు చేశారు. రెండోదాన్ని గాలికొదిలేశారు.

రెండో షరతు బాధితుల ఓదార్పు కోసం రాసింది కాదు. నిజం బయటికి రావడానికే అది కావాలి. కమిషన్ పనిచేస్తున్న రోజుల్లోనే ఇది రుజువైంది. వ్లాక్‌ప్లాస్ అనే ఫారంలో పోలీసుల హత్యా ముఠాను నడిపిన యూజీన్ డి కాక్‌కు 1996లో కోర్టు రెండు యావజ్జీవాలతో పాటు 212 ఏళ్ల శిక్ష వేసింది. ఆ విచారణలో తమ పేర్లు బయటపడుతున్నాయని చూసిన భద్రతా పోలీసులు క్షమాభిక్ష దరఖాస్తులు పట్టుకుని వచ్చారు. అదే ఏడాది అక్టోబరులో, 1987 నాటి క్వామకుఠా ఊచకోత కేసులో మాజీ రక్షణ మంత్రి మాగ్నస్ మలాన్, ఆయనతో పాటు సైనికాధికారులు నిర్దోషులుగా బయటపడ్డారు. ఇక సైన్యం నుంచి కమిషన్ గడప తొక్కినవాళ్లు బహు తక్కువ. పోలీసుల మనసు కరిగి, సైనికుల మనసు కరగలేదంటారా? పోలీసులకు జైలు కనిపించింది, సైనికులకు కనిపించలేదు. టూటూ కన్నీళ్ల కంటే డి కాక్ శిక్షే ఎక్కువ నోళ్లు తెరిపించిందన్నా తప్పులేదు.

కమిషన్‌కు 7,112 దరఖాస్తులు వచ్చాయి. 849 మందికి క్షమాభిక్ష దక్కింది, 5,392 మందికి దక్కలేదు. కాదనిపించుకున్నవాళ్లలో చాలామంది మామూలు నేరాలతో జైల్లో ఉండి అదృష్టం పరీక్షించుకున్నవాళ్లే, అది ఒప్పుకోవాలి. కానీ విచారించదగ్గవంటూ దాదాపు 300 కేసులు ప్రాసిక్యూటర్ల చేతికి వెళ్లాయి. రెండు దశాబ్దాల పాటు వాటిలో కోర్టు దాకా వచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

క్రాడాక్ ఊరికి చెందిన నలుగురు వర్ణవివక్ష వ్యతిరేక ఉద్యమకారుల కేసే చూడండి. 1985 జూన్ 27 రాత్రి మాథ్యూ గోనివే, ఫోర్ట్ కలాటా, మరో ఇద్దరు కారులో ఊరికి తిరిగి వెళ్తుంటే భద్రతా పోలీసులు దారి కాసి పట్టుకుని చంపి, శవాలను తగలబెట్టారు. 1996 ఏప్రిల్‌లో ఈస్ట్ లండన్‌లో కమిషన్ మొదటి విచారణల్లో వాంగ్మూలం ఇస్తూ నోమోండే కలాటా పెట్టిన ఆక్రోశం సయోధ్య మీద తీసిన డాక్యుమెంటరీల్లో, రాసిన పుస్తకాల్లో మార్మోగింది. ఆ పుస్తకాలను మెచ్చుకునేవాళ్లు తర్వాతి కథ చెప్పరు. నిజం మొత్తం చెప్పలేదని 1999లో ఆరుగురు పోలీసులకు కమిషన్ క్షమాభిక్ష నిరాకరించింది. ఆ ఆరుగురిలో ఎవరి మీదా ఈ హత్యలకు విచారణ నడవలేదు. అందరూ చనిపోయారు. 2025 జూన్‌లో మరణ విచారణ మళ్లీ తెరిస్తే, బోనెక్కడానికి నిందితులు మిగల్లేదు.

ఉద్యమకారుడు అహ్మద్ తిమోల్ 1971లో పోలీసు భవనం పదో అంతస్తు నుంచి దూకి చనిపోయాడని అప్పటి న్యాయవిచారణ తేల్చింది. అది హత్య అని 2017లో కోర్టు చెప్పింది. 2018లో నేరారోపణ జరిగిన మాజీ పోలీసు, విచారణ మొదలుకాకుండానే 2021లో చనిపోయాడు.

కేసులు ఇలా మూలపడటానికి కారణం నిర్లక్ష్యం కాదు, పైనుంచి వచ్చిన ఒత్తిడి. ఆ మాట అన్నది ఏ ఉద్యమకారుడో కాదు, జాతీయ ప్రాసిక్యూషన్ మాజీ డైరెక్టర్ వూసీ పికోలి, 2015లో ప్రమాణ పత్రం మీద. ఒత్తిడి తెచ్చింది తెల్లవాళ్లూ కాదు, ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ ప్రభుత్వం. తవ్వితే తన మనుషుల పేర్లూ బయటికొస్తాయన్న భయం ఆ పార్టీకి లేదనలేం. 1998లో కమిషన్ నివేదికను ఆపించాలని ఆఖరి ఘడియలో కోర్టుకు పరిగెత్తింది ఆ పార్టీయే. పరిహారం సంగతి సరేసరి. ఆరేళ్ల పాటు ఏటా ఇవ్వాలని కమిషన్ సిఫారసు చేస్తే, 2003లో అధ్యక్షుడు ఎంబెకి ప్రభుత్వం ఒకేసారి 30,000 ర్యాండ్లు ఇచ్చి చేతులు దులుపుకుంది.

అసలు కమిషన్ లెక్కలోకి రానివాళ్లే ఎక్కువ. హత్య, చిత్రహింస, అపహరణ వంటివే దాని పరిధి. ఇళ్ల నుంచి గెంటివేతకు గురైన లక్షలాది మంది ఆ నిర్వచనంలో పట్టలేదు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడ ఎక్కి నేటాల్ చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం వాళ్ల వారసుల్నీ డర్బన్‌లో కట్టుకున్న ఇళ్ల నుంచి లేపేసింది. దానికి ఎవడూ క్షమాభిక్ష అడగనక్కర్లేకపోయింది, ఎందుకంటే అది నేరమే కాదు, చట్టం.

క్షమాభిక్ష హామీ లేకపోతే 1994 ఎన్నికలే జరిగేవి కావు, సైన్యం, పోలీసులు అడ్డం తిరిగేవాళ్లు అంటారు. నిజమే, ఒప్పుకుంటాను. 1993 తాత్కాలిక రాజ్యాంగంలో ఆ హామీ రాసింది అందుకే. కానీ 1995 చట్టం ఆ హామీని నిజం చెప్పినవాళ్లకే ఇచ్చింది, దాచినవాళ్లకు కాదు. పైగా ఆ భయం 1993ది. 2003 నాటికి ఆ అధికారులు పింఛన్లు తీసుకుంటున్న ముసలివాళ్లు. వాళ్లు తిరగబడతారని అప్పుడెవరు భయపడ్డారు?

ఇప్పుడు ఈ నమూనా మన పొరుగుకు వస్తోంది. 2023లో శ్రీలంక మంత్రులు దక్షిణాఫ్రికా వెళ్లి చూసొచ్చి, అలాంటి కమిషనే పెడతామన్నారు. అంతర్యుద్ధంలో కనబడకుండా పోయిన పిల్లల కోసం 2017 నుంచి కిలినొచ్చిలో రోడ్డు పక్కన కూర్చున్న తమిళ తల్లులు నమ్మలేదు. వాళ్లది మొండితనమని పెదవి విరిచే ముందు క్రాడాక్ కథ చదవండి. నేపాల్ 2014లో తెచ్చిన సత్య కమిషన్ చట్టంలోని క్షమాభిక్ష నిబంధనలను మరుసటి ఏడాదే అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది, మంచి పని చేసింది. క్షమాభిక్ష దక్కనివాడి మీద ఎవరు, ఎన్ని నెలల్లో అభియోగపత్రం వేయాలో చట్టంలోనే రాయని ఏ సత్య కమిషన్‌కైనా బాధితులు వాంగ్మూలం ఇవ్వాల్సిన బాధ్యత లేదు.