పబ్బు లైసెన్సు ఎవరు చదవాలి?

హైదరాబాదు పబ్బుల గురించి మాట మొదలైతే రెండు నిమిషాల్లో అది గడియారం దగ్గరికొచ్చి ఆగిపోతుంది. ఒంటిగంటకే మూసేయడమేంటి, ముంబై చూడు, గోవా చూడు అని ఒకడు. అసలు పదింటికే షట్టర్ దించేయాలి, పిల్లలు పాడైపోతున్నారు అని ఇంకొకడు. మా మెస్సులో నేను విన్న వాదనలన్నీ ఈ రెండింట్లో ఏదో ఒకటి. టీవీ చర్చల్లోనూ అంతే, కాకపోతే అక్కడ అరుపులు కొంచెం ఎక్కువ. నా ఉద్దేశంలో లైసెన్సులో అన్నింటికన్నా తక్కువ ముఖ్యమైన విషయం ఆ మూసే టైమే. అందరూ దాని గురించే కొట్టుకోవడం వల్ల మిగతా షరతుల్ని ఎవరూ చదవడం లేదు.

ముందే ఒక మాట. తాగడం మంచిదా చెడ్డదా అన్నది ఈ వ్యాసం విషయం కాదు. (మా అమ్మ ఈ పత్రిక లింకు తెరిచి చదువుతుంది. అది కూడా ఒక కారణమే.)

మన రాజ్యాంగం 47వ అధికరణంలో మద్యనిషేధానికి ప్రయత్నించమని రాష్ట్రాలకి చెప్తుంది. అదే రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో మద్యాన్ని, దాని మీద వచ్చే ఎక్సైజు సుంకాన్ని రాష్ట్రాల చేతిలో పెడుతుంది. ఒక చేత్తో వద్దంటూ ఇంకో చేత్తో డబ్బాలో వేసుకోమనడం అన్నమాట. అందుకే రాష్ట్రానికో రూలు. తాగడానికి గోవాలో 18 ఏళ్లుంటే చాలు, మన దగ్గర 21 నిండాలి, ఢిల్లీలో 25. తెలంగాణలో బారుకి ఇచ్చే లైసెన్సుని 2బి అంటారు, వైన్ షాపుది ఏ4. పబ్బు అని మనం పిలిచేది కూడా ఎక్సైజు వాళ్ల లెక్కలో బారే. హైదరాబాదులో మామూలు రోజుల్లో రాత్రి 12 దాకా, శుక్ర శనివారాల్లో ఒంటిగంట దాకా. 21 నిండనివాళ్లకి అమ్మకూడదు. బడికీ గుడికీ ఆసుపత్రికీ ఇంత దూరంలో ఉండాలి. చదివితే అన్నీ బాగానే ఉంటాయి.

దూరం షరతు సంగతే చూడండి, మనకి బాగా నచ్చే కథ ఒకటుంది. జాతీయ, రాష్ట్ర రహదారులకి 500 మీటర్ల లోపల మద్యం అమ్మకూడదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో చెప్పింది. 2017 ఏప్రిల్ 1 నుంచి అమలు. కేరళలో ఎర్నాకుళం జిల్లా ఉత్తర పరవూరులో ఒక బారు రోడ్డు పక్కనే ఉంది. ఓనరు ఏం చేశాడంటే, బారు ముందున్న ఖాళీ జాగాలో పాములా మెలికలు తిరిగే నడవా కట్టించాడు. రోడ్డు దిగినవాడు అటూ ఇటూ తిరిగి తిరిగి లోపలికి వెళ్లేసరికి 500 మీటర్లు దాటుతుంది. దూరాన్ని మనిషి నడిచే దారి వెంట కొలుస్తారు కదా, అదీ లాజిక్. చండీగఢ్‌లో అయితే నడవా కూడా అక్కర్లేకపోయింది, రాష్ట్ర రహదారి అన్న పేరు తీసేసి ఊరి రోడ్డు అని రాసుకున్నారు. సర్క్యూట్ మార్చకుండా మీటరు రీడింగు మాత్రమే మార్చడం మనకి కొత్తేం కాదు, ల్యాబ్ రికార్డులన్నీ అలాగే పూర్తవుతాయి.

నవ్వొచ్చినా, ఇందులో ఒక ప్రశ్న ఉంది. కోర్టు ఆ దూరం పెట్టింది రోడ్డు మీద ప్రాణాలు పోకూడదని. నడవా కట్టినవాడు ఆ దూరాన్ని కట్టాడు, ఆ ఉద్దేశాన్ని కట్టలేదు. లైసెన్సు షరతుని అక్షరంగా మాత్రమే చూస్తే ఇదే జరుగుతుంది. అక్షరంగా కాకుండా చూడాల్సింది ఎవరు? ఎక్సైజు శాఖ అంటారు మీరు. ఆ శాఖకి ముందు ఏ పని అప్పజెప్పారో 2023 లెక్క చూస్తే తెలుస్తుంది. ఆ ఏడాది తెలంగాణలో 2,620 వైన్ షాపులకి లాటరీ పెడితే లక్షా 30 వేలకి పైగా దరఖాస్తులు వచ్చాయి. దరఖాస్తు రుసుము 2 లక్షలు, లాటరీ తగలకపోయినా తిరిగి ఇవ్వరు. హెచ్చించి చూడండి, ఒక్క సీసా అమ్మకముందే 2,600 కోట్లు దాటింది. ఇది షాపుల సంగతి, బారుల సంగతి కాదు, ఒప్పుకుంటాను. కానీ రెండింటి మీదా కాపలా ఉండేది అదే శాఖ. వసూలు ఎంతైందన్నది మొదటి పేజీ వార్త అవుతుంది. ఎన్నిచోట్ల వయసు అడిగారన్నది ఏ పేజీలోనూ ఉండదు.

వయసు మాట ఎత్తింది మనకోసమే. 2016 జూలై 1న పంజాగుట్టలో జరిగింది మనలో చాలామందికి గుర్తుండకపోవచ్చు, అప్పుడు మనం బడిలో ఉన్నాం. ఇంజినీరింగ్ విద్యార్థులు కొందరు బంజారాహిల్స్‌లో ఒక బారులో తాగి కారెక్కారు. ఆ కారు డివైడరుని గుద్ది అవతలి వైపు వస్తున్న ఒక కుటుంబం కారు మీద పడింది. బడి నుంచి ఇంటికి వెళ్తున్న పదేళ్ల పాపతో సహా ఆ కుటుంబంలో ముగ్గురు పోయారు. తాగినవాళ్లలో 21 నిండనివాళ్లు ఉన్నారు. వాళ్ల వయసు అడక్కుండానే బారు మద్యం ఇచ్చింది.

ఇప్పుడు గడియారం వాదన దీనికి ఆనించి చూడండి. అది జరిగింది అర్ధరాత్రి కాదు, పగలు. పన్నెండింటికి మూసినా, పదింటికి మూసినా, ఆ పాప బతికేది కాదు. తలుపు దగ్గర నిలబడ్డ మనిషి ఒక్కసారి గుర్తింపు కార్డు అడిగి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. మనలో ఎంతమందిని ఎక్కడ అడిగారు? నేను ఇక్కడ ఎవరి పేరూ రాయను, కానీ మన బ్యాచ్‌లో 21 నిండకుండానే వెళ్లొచ్చినవాళ్లకి బౌన్సరు అడిగిన ప్రశ్న వయసు గురించి కాదు, చెప్పుల గురించి. షూ వేసుకురాలేదని వెనక్కి పంపాడట! డ్రెస్ కోడ్ యాజమాన్యం పెట్టుకున్న రూలు, దాన్ని అంత కచ్చితంగా పాటించగలిగినవాళ్లు సర్కారు పెట్టిన రూలుని పాటించలేరంటే నమ్మాలా?

ఇంకో వైపు ఆ వీధిలో ఉండేవాళ్లు. శబ్ద కాలుష్య నియమాలు 2000 నుంచే ఉన్నాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతంలో పరిమితి 45 డెసిబెల్స్, పగలు 55. పదే కదా తేడా అనకండి, లాగరిథమిక్ స్కేలు, పది పెరిగితే ధ్వని తీవ్రత పదింతలు. (మొదటి సెమిస్టరు ఫిజిక్సు ఇన్నాళ్లకి పనికొచ్చింది.) జూబ్లీహిల్స్ వాసులు ఈ గోల భరించలేక హైకోర్టుకి వెళ్తే, రాత్రి 10 తర్వాత పబ్బుల్లో సంగీతం వద్దని 2022 సెప్టెంబరులో ఆదేశం వచ్చింది, తర్వాత దాన్ని అక్కడి కొన్ని పబ్బులకి పరిమితం చేశారు. నాకు అడగాలనిపించేది ఒకటే. వాళ్లు కోర్టు దాకా ఎందుకు వెళ్లాల్సి వచ్చింది? వాళ్లకి లాయరు ఉన్నాడు కాబట్టి వెళ్లారు. కొండాపూర్‌లో పబ్బు వెనక సందులో ఒక గది అద్దెకి తీసుకున్నవాడు ఎవరికి చెప్పుకోవాలి?

మా పెద్దమ్మ కొడుకు గచ్చిబౌలి వైపు ఒక పబ్బులో వారానికి మూడు రాత్రులు గిటార్ వాయిస్తాడు. పబ్బులు మూసేయాలని ఎవరైనా అంటే నాకు ముందు అన్నే గుర్తొస్తాడు. ఆయన ఫిర్యాదు మూసే టైము మీద కాదు. "ఎంత సౌండ్ పెట్టొచ్చో మాకెవరూ చెప్పరురా, ఒకరోజు ఏం కాదు, ఇంకోరోజు పోలీసులొచ్చి ఆపేస్తారు, ఆరోజు మాకు సగం డబ్బులే" అంటాడు. అంటే ఆ లైసెన్సులో ఏముందో పక్కింటివాడికీ తెలీదు, లోపల వాయించేవాడికీ తెలీదు. తెలిసింది ఓనరుకి, ఇన్‌స్పెక్టరుకి. ఇద్దరికి మాత్రమే తెలిసిన రూలు చుట్టూ ఏం పుడుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు, దానికి మామూలు అని చక్కటి తెలుగు పేరే ఉంది.

ఇంగ్లండులో ఎంఎస్ చేస్తున్న మన సీనియర్లు పార్ట్ టైముగా బార్లలో పనిచేస్తుంటారు కదా, అక్కడి పద్ధతి వాళ్లని అడగండి. ఇంగ్లండు, వేల్స్‌లకి 2003లో చేసిన లైసెన్సింగ్ చట్టం ఉంది. కొత్తగా లైసెన్సు కావాలన్నవాడు తన దరఖాస్తు వివరాలు లేత నీలం రంగు కాగితం మీద, కనీసం ఏ4 సైజులో, అక్షరాలు 16 పాయింట్లకి తగ్గకుండా అచ్చువేసి, దారినపోయేవాళ్లు చదవగలిగేలా 28 రోజులు బయట అతికించాలి. ఈలోపు ఆ వీధివాళ్లు అభ్యంతరం రాసివ్వొచ్చు. దాన్ని కౌన్సిలు విచారించి, షరతులు కలిపి ఇస్తుంది. సౌండు ఒక హద్దు దాటకుండా యంత్రం బిగించమనే షరతు మామూలే. లైసెన్సు వచ్చాక దాని సారాంశం అందరికీ కనిపించేలా పెట్టాలి. వయసు విషయంలో, చట్టం 18 అంటే, 25 లోపు కనిపించిన ప్రతివాణ్నీ కార్డు అడగడం చాలాచోట్ల పద్ధతి, చాలెంజ్ 25 అంటారు. అక్కడ తాగి గొడవలు లేవని కాదు, శనివారం రాత్రి అక్కడి సిటీ సెంటర్లు ఎలా ఉంటాయో సీనియర్లు వీడియోలు పంపుతూనే ఉన్నారు. కానీ గొడవ జరిగితే ఏ షరతు తప్పిందో వీధిలో అందరికీ తెలుసు.

మూసే టైము గురించి ఒక్క మాట. త్వరగా మూసేస్తే తక్కువ తాగుతారన్న నమ్మకం ఆస్ట్రేలియా గట్టిగా పరీక్షించింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో చాలా రాష్ట్రాల్లో సాయంత్రం 6కే బార్లు మూసేయమన్నారు. న్యూ సౌత్ వేల్స్‌లో అది 1916 నుంచి 1955 దాకా నడిచింది. పని దిగినవాళ్లు దొరికిన ఆ గంటలోనే గడగడా తాగేసి, ఆరింటికి అందరూ ఒకేసారి రోడ్డు మీద పడేవారు. మన దగ్గర ఇప్పుడు జరిగేది దానికి దూరపు చుట్టమే. ఒంటిగంటకి అన్ని పబ్బులూ ఒకేసారి ఖాళీ అవుతాయి. మెట్రో చివరి రైలు అర్ధరాత్రికి ముందే వెళ్లిపోయి ఉంటుంది. క్యాబ్ రేటు అప్పుడే కొండెక్కుతుంది. బండి పార్కింగులోనే ఉంది, తాళం జేబులోనే ఉంది. రక్తంలో 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు దాటితే నేరమని చట్టం అంటుంది, పోలీసులు రోడ్డు మీద గొట్టం పట్టుకుని నిలబడతారు. డిసెంబరు 31 వచ్చేసరికి మాత్రం, తాగినవాళ్లని ఇంటికి చేర్చే ఏర్పాటు మీరే చూసుకోండి అని పబ్బులకి పోలీసులు ముందే చెప్తారు. ఒక రాత్రికి అడగగలిగింది లైసెన్సులోనే రాసి మిగతా 364 రాత్రులకీ ఎందుకు అడగకూడదు?

షరతులు పెంచితే వసూళ్లు పెరుగుతాయి తప్ప ఏమీ మారదని మా రూమ్మేటు అంటాడు. తీసిపారేయలేని మాటే. అందుకే నేను కొత్త షరతు ఒక్కటే అడుగుతున్నాను, ఉన్నవి బయటికి కనిపించాలని. లైసెన్సు లోపల ఎక్కడో గోడకి ఫ్రేములో ఉండొచ్చు, రోడ్డు మీద నిలబడ్డవాడికి కనిపించదు. పబ్బు గేటు బయట తెలుగులో ఒక బోర్డు చాలు. ఎన్నింటి దాకా, లోపల ఎంతమంది, సౌండు ఎంత, వయసు చూడకుండా పోస్తే ఏ అధికారికి ఏ నంబరుకి చెప్పాలి.

ఆ బోర్డు మీద రాయాల్సిన వివరాలు అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సమాచార హక్కు కింద ఎక్సైజు కార్యాలయానికి దరఖాస్తు రుసుము 10 రూపాయలు. మన కాలేజీ చుట్టుపక్కల ఉన్న బార్ల లైసెన్సు షరతులు, గత రెండేళ్లలో 21 లోపు వాళ్లకి అమ్మినందుకు పెట్టిన కేసులు, వచ్చిన ఫిర్యాదుల మీద తీసుకున్న చర్యలు, ఈ మూడూ అడుగుతూ ఒక అర్జీ ముసాయిదా రాసి పెట్టాను. భాష సరిచూడ్డానికి క్లబ్బులో ఇద్దరు కావాలి. జవాబు 30 రోజుల్లో రావాలి. వచ్చినా రాకపోయినా వచ్చే సంచికలో వేద్దాం.