ఆ చెరువుకి రోడ్డెందుకు?

మినియాపొలిస్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళలో రెండు రకాలు. బౌండరీ వాటర్స్‌కి ఒకసారి వెళ్ళొచ్చి మళ్ళీ ఆ పేరెత్తనివాళ్ళు ఒక రకం. ఏటా వెళ్ళేవాళ్ళు రెండో రకం. నేను రెండో రకం లెండి :). మొదటి రకానికి చెందిన మిత్రుడొకడు ఈమధ్య భోజనాల దగ్గర ఓ మాటన్నాడు. "ఇంత మంచి సరస్సులు పెట్టుకుని ఒక రోడ్డు లేదు, ఒక టీకొట్టు లేదు. యూజర్ ఫ్రెండ్లీనెస్ సున్నా గురూ!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ మాట మీద నాకు గట్టి అభ్యంతరమే ఉంది.

తెలియనివాళ్ళ కోసం ముందు కాస్త చెప్తాను. మినెసొటా రాష్ట్రానికి ఉత్తరం కొసన, కెనడా సరిహద్దుని ఆనుకుని దాదాపు 11 లక్షల ఎకరాల అడవి ఉంది. అందులో వెయ్యికి పైగా సరస్సులు. ఈలీ అనే చిన్న ఊరు దాకా కారులో నాలుగు గంటల పైన ప్రయాణం. అక్కణ్ణించి ఇంకాస్త తూర్పుకి వెళ్తే మూస్ లేక్ దగ్గర రోడ్డు అయిపోతుంది. ఆ తర్వాత మీరు, మీ తెడ్డు, మీ భుజాలు... అంతే.

నాకు బాగా ఇష్టమైనది నైఫ్ లేక్. సరిగ్గా సరిహద్దు మీదే ఉంటుంది. సగం అమెరికాది, సగం కెనడాది. అక్కడి రాయి పగిలితే అంచు కత్తిలా వస్తుంది. వేల ఏళ్ళ క్రితం మనుషులు దానితోనే పనిముట్లు చేసుకున్నారు. ఒజిబ్వే భాషలో కూడా దాని పేరుకి అర్థం కత్తి సరస్సే. మూస్ లేక్ నించి అక్కడికి చేరాలంటే దారిలో ఐదు చోట్ల పడవ దిగి, సామానంతా వీపున వేసుకుని, పడవని నెత్తిన బోర్లించుకుని, గట్టు దాటి అవతలి సరస్సులో దింపాలి. దీన్నే పోర్టేజ్ అంటారు. ఈ దారుల పొడవుని మ్యాపుల్లో మైళ్ళలో కాక 'రాడ్'లలో వేస్తారు. ఒక రాడ్ అంటే పదహారున్నర అడుగులు, ఇంచుమించు ఒక పడవ పొడవు. ఇరవై కిలోల పడవ నెత్తిన ఉండి, చెవి దగ్గర దోమలు గుయ్యిమంటుంటే, ఎనభై రాడ్లు అంటే ఎంతో మీకు జన్మలో మర్చిపోలేనంతగా తెలుస్తుంది.

ఇహ రూల్సు. మే 1 నించి సెప్టెంబర్ 30 దాకా రాత్రి బస చెయ్యాలంటే కోటాలో పర్మిట్ దొరకాలి. మంచి దారులకైతే మన తత్కాల్ టికెట్ల లాగానే వేట. ఒక జట్టులో 9 మందికి మించకూడదు, పడవలు నాలుగే. గాజు సీసాలు, పారేసే రేకు డబ్బాలు నిషేధం. అంచేత మా ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి మారి మరీ వస్తుంది. కొన్ని సరస్సుల్లో చిన్న మోటార్లకి అనుమతి ఉంది. నైఫ్ లేక్‌లో లేదు. చెత్త ఎంత పుడితే అంతా తిరిగి మోసుకు రావాలి.

ఇదంతా ప్రభుత్వం వాళ్ళ చాదస్తం అనుకుంటారు చాలామంది. అసలు కథ వేరే. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక నీటి మీద దిగే చిన్న విమానాలు చేపలు పట్టే సరదారాయుళ్ళని నేరుగా ఈ సరస్సుల్లోకి దించేవి. రిసార్టులు వెలిశాయి. 1949లో ట్రూమన్ ఈ ప్రాంతం మీద 4,000 అడుగుల కంటే దిగువన విమానాలు ఎగరకూడదని ఉత్తర్వు ఇచ్చాడు. 1964లో వైల్డర్‌నెస్ చట్టం వచ్చింది. 1978లో ఇంకో చట్టం చెట్లు కొట్టడాన్ని ఆపి, చాలా సరస్సుల్లోంచి మోటార్లని తప్పించింది. అంటే 'యూజర్ ఫ్రెండ్లీ' వెర్షన్ ఒకటి అప్పటికే రిలీజయింది. దాన్ని చూశాకే వెనక్కి తీసుకున్నారు.

అయితే ఆ ఖర్చు ఎవరో ఒకరు భరించారు. అది దాచిపెట్టి అడవి గొప్పలు చెప్పడం నాకు నచ్చదు. రిసార్టుల వాళ్ళు వ్యాపారాలు అమ్ముకుని పోవలసి వచ్చింది. అడవిని కాపాడాలన్న రచయిత సిగర్డ్ ఓల్సన్ ఉండేది ఈలీలోనే. 1977లో అదే ఊళ్ళో ఆయన దిష్టిబొమ్మని వేలాడదీశారు. నైఫ్ లేక్ దీవుల్లో డొరొతీ మోల్టర్ అనే ఆవిడ ఒంటరిగా ఉండేది. నర్సింగ్ చదివిన మనిషి. విమానాలు ఆగిపోయి సోడాలు రావడం మానేశాక, మిగిలిన ఖాళీ సీసాల్లో తనే రూట్ బీర్ (పేరు చూసి కంగారు పడకండి, అది మద్యం కాదు) తయారు చేసి, తెడ్డు వేసుకుంటూ వచ్చినవాళ్ళకి ఇచ్చేది. ఆవిడని ఖాళీ చెయ్యమన్నారు. జనం గొడవ చేస్తే బతికున్నన్నాళ్ళూ ఉండనిచ్చారు. 1986లో ఆవిడ అక్కడే పోయింది. ఆ తర్వాత ఆవిడ చెక్క ఇళ్ళని విప్పి ఈలీకి తెచ్చి మ్యూజియం చేశారు.

ఇంకో నిజం కూడా ఉంది. పర్మిట్ల పద్ధతి ఎవరికి అనుకూలం? నెలల ముందే సెలవు ఖాయం చేసుకోగలిగి, కంప్యూటర్ ముందు కూర్చునే మనలాంటి వాళ్ళకే. మోకాళ్ళు బాగా లేనివాళ్ళకి, పసిపిల్లల తల్లులకి నైఫ్ లేక్ దాదాపు లేనట్టే. మా నాన్నగారు వచ్చినప్పుడు మూస్ లేక్ రేవు దాకా తీసుకెళ్ళాను. ఇక్కణ్ణించి మీరు రాలేరు నాన్నగారూ అని చెప్పడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. ఆయన కాసేపు నీళ్ళకేసి చూసి, "నేను చూడలేదని ఆ చెరువుకి రోడ్డు వేయిస్తావేంట్రా?" అన్నారు. ఇంత పొడుగు వ్యాసంలో నేను చెప్పదల్చుకున్నది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు.

మన వృత్తిలో ప్రతి అడ్డంకీ ఒక బగ్గే. మూడు క్లిక్కులని ఒక క్లిక్కు చేస్తే మనకి మెచ్చుకోళ్ళు. ఆ అలవాటుని అన్నిటికీ పట్టుకుపోతాం. కానీ ఈ ఐదు పోర్టేజ్‌లే ఆ సరస్సుకి ప్రహరీగోడ. అది తీసేస్తే నాలాంటివాళ్ళు ఇంకో పది వేల మంది సుఖంగా వెళ్ళగలరు, నిజమే. వెళ్ళాక అక్కడ దొరికేది మాత్రం ఇంకో మామూలు చెరువు. లూన్ పక్షి అరుపు బదులు జెనరేటర్ చప్పుడు, పడవ పక్కకి వంగి కప్పుతో ముంచుకుంటే తేటగా కనిపించే నీళ్ళ బదులు తేలే చిప్స్ ప్యాకెట్లు. ఈ రెండోది చూడ్డానికి కెనడా సరిహద్దు దాకా పోవాలా చెప్పండి?

సౌకర్యం ఉన్న సరస్సులు మినెసొటాలో కొల్లలు. కారు ఒడ్డునే ఆపి, బార్బెక్యూ వెలిగించి, పిల్లల్ని ఈతకి దింపొచ్చు. వాటికి వెళ్ళండి, నేనూ వెళ్తాను, పెద్దవాళ్ళని తీసుకెళ్తాను. వెయ్యి రకాల సుఖాల మధ్య కష్టపడితే గానీ అందనిది ఒకటి మిగిలి ఉంటే అన్యాయమేమీ కాదని నా అభిప్రాయం. అక్కడికి నా మోకాళ్ళూ ఇంకో ఇరవై ఏళ్ళకి మొరాయిస్తాయి. అప్పుడు నాకూ ఎంట్రీ ఉండదు. ఆ రోజున రోడ్డు వెయ్యండని అర్జీ పెట్టకుండా ఉండే బుద్ధి నాకు ఉండాలని మాత్రం కోరుకుంటున్నాను.

మీరేమంటారు?