గీత మీద మాట రాయండి

మా ఇండ్లలో మొదట డిగ్రీ పాసైనవాళ్లం మేమే. ట్రంకుపెట్టెతో పాటు నమ్మకాల మూట కూడా హాస్టల్‌కు మోసుకొచ్చాం. దాన్ని విప్పి చూసుకోవడానికి కంప్యూటర్ పనికొస్తుందని మా అభిప్రాయం.

1972లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ నోవాక్ బృందం ఒక పద్ధతి తెచ్చింది. ఒక్కో భావానికి ఒక్కో గడి, గడుల మధ్య గీత, ఆ గీత మీద సంబంధం చెప్పే మాట. సీమ్యాప్‌టూల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దీన్ని తెర మీదే గీయొచ్చు.

'కరువు జిల్లా' ఒక గడి. 'పాలమూరు లేబర్' ఇంకో గడి. గీత మీద 'కాబట్టి' అని రాస్తాం, చిన్నప్పటి నుంచి విన్నదే కదా! ఇప్పుడు పక్కన 'కృష్ణానది' పెట్టండి. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టేదే ఉమ్మడి పాలమూరు నేల మీద. ఎక్కడెక్కడి ఆనకట్టలకో మట్టి మోసిందీ మన పాలమూరోళ్లే. మరి ఆ 'కాబట్టి' నిలబడుతుందా? నీళ్లు ఎవరికి పోయాయి, భూమి ఎవరి పేరున ఉంది అనే గడులు లేకుండా ఆ పటం పూర్తికాదు.

నల్లగొండలో వంగిన కాళ్లకు పూర్వజన్మ పాపమే కారణమన్న మాట మేమూ విన్నాం. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 'ఏళ్లుగా తాగిన బోరునీళ్లు' అనే గడి చేర్చితే పాపానికి గీత దొరకదు.

అసలు చూడాల్సిన గడి 'మనోళ్లకు లెక్కలు రావు'. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇంటర్‌లో గ్రూపు ఎంచుకునే ముందే దాన్ని గీయండి. ఎవరన్నారు, ఎందుకన్నారు? సాఫ్ట్‌వేర్ ఇవి అడగదు, తప్పు గీతనూ అందంగానే గీస్తుంది. కంప్యూటర్ ఖాళీ లేకపోతే పాత క్యాలెండర్ వెనకవైపు చాలు.