పెట్టె మీది పేరు

కంప్యూటరు గ్రాఫిక్స్ కార్డు కొనేవారిలో చాలామంది ముందు పేరు చూస్తారు. పనితనం తరువాతి మాట. ఆ అలవాటు ఖరీదెంతో 2022లో తేటతెల్లమయింది.

ఆ సెప్టెంబరులో ఎన్‌విడియా సంస్థ అమెరికాలో ‘ఆర్‌టీఎక్స్ 4080’ అనే ఒకే పేరుతో రెండు కార్డులను ప్రకటించింది. 16 జీబీ మెమొరీ గల దాని ధర 1,199 డాలర్లు. 12 జీబీ దాని ధర 899. భేదం మెమొరీలోనే కాదు. లెక్కలు కట్టే కోర్‌లు మొదటిదానిలో 9,728 ఉండగా, రెండవదానిలో 7,680 మాత్రమే. విమర్శలు చెలరేగగా అక్టోబరులో సంస్థ చిన్న కార్డును ఉపసంహరించుకొన్నది. 2023 జనవరిలో అదే కార్డు ‘4070 టీఐ’ అన్న పేరుతో 799 డాలర్లకు బజారుకు వచ్చింది. సరకు మారలేదు, పేరు మారింది, నూరు డాలర్లు తగ్గాయి.

అనువాదాలు చేసే నాకు ఒకే మాటకు రెండర్థాలు కొత్త కాదు. అక్కడ సందర్భం చూసి అర్థం తేల్చుకొంటాం. బజారులో మాత్రం మాటనే నమ్మి డబ్బు చెల్లిస్తాం. అభిమానంతో కొనేవాడు బేరమాడడు. బేరమాడని వానికి ధర నిర్ణయించేది అమ్మేవాడే.

నమ్మకం తప్పు కాదు. కాని అది నిన్నటి సరకు సంపాదించినది. నేటి సరకు దానిని మళ్ళీ సంపాదించుకోవలసిందే. కొనే ముందు పెట్టె మీది పేరును ఒక్క క్షణం అరచేతితో మూసి, పనితనాన్నీ ధరనూ పోటీ సంస్థల కార్డులతో పోల్చి చూడండి.